ఛాయాచిత్రాల భద్రత: ఇంటింటా ఒక నిల్వపెట్టె

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా పెన్నాగరంలో జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



75 ఏండ్లు నిండిన పాఠశాలను గూర్చి మాట్లాడునపుడు భవనాలను గూర్చి, ఫలితాలను గూర్చి, దాతలను గూర్చి చెప్పుట సంప్రదాయము. ఆ విషయాలను నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు వేదికపై ఉన్నారు. నేను మీ ఇండ్లలోని ఛాయాచిత్రాలను గూర్చి, వాటిని భద్రపరచుకొను విధానమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాను. జూబిలీ సభలో ఇదేమి ప్రసంగమని మీకు తోచవచ్చును. కారణము చెప్పెదను.

జూబిలీ సంచిక కొరకు పాత ఛాయాచిత్రాలు పంపుడని పూర్వ విద్యార్థులందరికీ లేఖలు వ్రాసినాము. వచ్చిన వాటిని సంవత్సరాల వారీగా బల్లమీద పరచి చూడగా ఒక వింత కనబడినది. తొలి తరముల వారి నలుపు తెలుపు చిత్రాలు చాలా వచ్చినవి. కొన్నిటి అంచులను చెదలు కొరికినవి, కొన్ని పసుపుబారినవి. అయినను ముఖములు గుర్తింపదగియే ఉన్నవి. రంగుల ఫిలిము కాలపు చిత్రాలు కూడ ఆల్బములలో నిలిచియున్నవి. వరుస తెగినది ఎక్కడ? 2005 మొదలు 2015 వరకు గల పదేండ్లలో. ప్రతివాని చేతికి కెమెరా వచ్చిన ఆ కాలమునకు చెందిన చిత్రాలే అందరికంటె తక్కువగా వచ్చినవి. అడిగితే అందరిదీ ఒకటే సమాధానము: “ఫోను పోయినదమ్మా”, “కంప్యూటరు చెడిపోయినదమ్మా”, “సీడీ తెరచుకొనుట లేదమ్మా”.

తాతగారి చిత్రము ట్రంకుపెట్టెలో 60 ఏండ్లు నిలిచినది. మనుమని చిత్రము 10 ఏండ్లయినా నిలువలేదు. ఇది ఒకరిద్దరి అజాగ్రత్త అనుటకు వీలులేదు. కాగితపు చిత్రమును పట్టించుకొనక మూలన పెట్టినను అది మెల్లమెల్లగా మాత్రమే పాడగును. డిజిటల్ చిత్రము అట్లు కాదు. అది ఉన్నంతకాలము సంపూర్ణముగా ఉండును, పోయిననాడు ఒక్క క్షణములో సమస్తము పోవును. కనుక దానికి వేరు రక్షణ కావలెను.

ఇతరులకంటె మనకు ఈ రక్షణ మరింత అవసరము. మన పాత సామూహిక చిత్రాలలో ముందు వరుస పిల్లల కాళ్ళవద్ద ఒక పలక కనబడును. దానిపై పాఠశాల పేరు, తరగతి, సంవత్సరము తెలుగులో వ్రాసి ఉండును. 1965 అక్టోబరులో ధర్మపురి ప్రత్యేక జిల్లా అయినది. అంతకు పూర్వపు పలకలపై సేలం జిల్లా అని ఉన్నది. 1969కి ముందటి వాటిపై మద్రాసు రాష్ట్రమని ఉన్నది. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడగా హోసూరు, డెంకణికోట ప్రాంతములలోని మన బంధువర్గము మరొక జిల్లావారైనారు. సరిహద్దులు మారినవి, పేర్లు మారినవి, పలకమీది తెలుగు మాత్రము మారలేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత ఈ రాష్ట్రములో భాషా అల్పసంఖ్యాకుల పాఠశాలల పరిస్థితి ఎట్లున్నదో మీకు తెలియును. మన పిల్లలు తమిళము చక్కగా నేర్చుచున్నారు, నేర్చుకొనవలెను కూడ. కాని ఈ ఊరిలో తెలుగులో చదువుకొన్నవారు ఇన్ని తరములుగా ఉన్నారని రేపెవరైన సందేహించినచో, వాదములకంటె ఆ పలక ఉన్న చిత్రమే బలమైన సాక్ష్యము.

మన జాతి ఇట్టి సాక్ష్యములను పోగొట్టుకొన్నది, కాపాడుకొన్నది కూడ. 1931లో హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ‘కాళిదాస్’ చిత్రములో తమిళము, తెలుగు రెండును వినిపించినవి. మనవంటి ఉభయభాషీయులకు అంతకంటె ఆప్తమైన చిత్రమేమి కలదు? మరుసటి ఏట, 1932లో, ఆయనయే తొలి సంపూర్ణ తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను తీసినారు. నేడు ఆ రెంటిలో దేనిని చూడవలెనన్నను ప్రతి లభింపదు. మరొక ప్రక్క, సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకులై వాసికెక్కిన రాజా దీన్ దయాళ్ గారు 1905లో గతించినారు. వారి గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి గనుక ఆ కాలపు హైదరాబాదును మనము నేటికిని చూడగలుగుచున్నాము.

దాచుట ఒక్కటే చాలదనుటకు తాళ్ళపాక వారి రాగిరేకులు నిదర్శనము. అన్నమాచార్యుల సంకీర్తనలను రెండువేలకు పైగా రేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని అరలో భద్రపరచినారు. రాగికి చెదలు పట్టదు, తేమకు చివుకదు. అయినను ఆ అరలో ఏమున్నదో పట్టించుకొనువారు లేక అవి శతాబ్దములపాటు మూగబోయి, 20వ శతాబ్ది తొలి దశకములలోగాని వెలుగులోనికి రాలేదు. వస్తువు నిలిచియుండుట ఒక ఎత్తు, అది ఎక్కడ ఉన్నదో, అందేమున్నదో తరువాతివారికి తెలియుట మరొక ఎత్తు.

మూడవ ఉదాహరణము మన కాలమునకు చెందినది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన ఆచార్య రాజ్ రెడ్డిగారి ప్రేరణతో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ మొదలైన సంస్థల కృషితో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడినది. వేలకొలది పాత తెలుగు గ్రంథములను అది ఇంటిలో కూర్చుండి చదువుకొనునట్లు చేసినది. కొన్నేండ్లకు ఆ వెబ్‌సైటు మూతపడినది. అందలి పుస్తకములలో పెక్కింటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరియున్నందున అవి నేడును దొరకుచున్నవి. తెలుగులో ‘ప్రతి’ అను మాటకు నకలు అని అర్థము. తాళపత్రము శిథిలము కాకముందే మరొక ప్రతి వ్రాసుకొనుట మన పెద్దల ఆచారము. నేను చెప్పబోవునది ఆ ఆచారమే, సాధనము మాత్రము క్రొత్తది.

ఇక విషయమునకు వచ్చెదను. ఇంటి నెట్‌వర్కుకు తగిలించు నిల్వపెట్టెను వాడుకలో ‘నాస్’ అందురు. అది రెండు లావుపాటి నిఘంటువులంత ఉండు చిన్న పెట్టె. లోపల రెండు హార్డ్ డిస్కులు పట్టు అరలుండును. ఇంటిలో ఇంటర్నెట్ ఇచ్చు రూటరుకు ఒక తీగతో కలిపినచో ఇంటిలోని ఫోనులు, కంప్యూటర్లు అన్నియు అందులో చిత్రాలు దాచుకొనవచ్చును. ఒక్కొక్క ఫోను ఒక్కొక్కరి పెట్టె అయినచో, ఇది ఇంటిల్లిపాదికి ఉమ్మడి భోషాణము.

ఎంత చోటు కావలెనో లెక్కవేయుదము. ఫోనుతో తీసిన చిత్రము సుమారు 4 మెగాబైట్లనుకొందము. రోజునకు 10 చిత్రాల చొప్పున ఏడాదికి 3,650, అనగా దాదాపు 15 గిగాబైట్లు. నలుగురున్న ఇంటికి 60. వారమునకు 10 నిమిషముల వీడియో, నిమిషమునకు 100 మెగాబైట్ల చొప్పున తీసినచో ఏడాదికి మరి 52. మొత్తము 112 గిగాబైట్లు. 4 టెరాబైట్లు, అనగా 4,000 గిగాబైట్ల డిస్కు ఈ లెక్కన 35 ఏండ్లకు సరిపోవును. చోటు నిండకముందే డిస్కు ఆయువు తీరును. కనుక పెద్ద డిస్కుకై డబ్బు వెచ్చించుటకంటె మరొక ప్రతికై వెచ్చించుట మేలు.

అమర్చు విధానము ఇది. మొదట, రాత్రింబవళ్ళు నడచుటకు ప్రత్యేకముగా తయారైన డిస్కులు రెండు, సమాన పరిమాణము గలవి కొని పెట్టెలో అమర్చవలెను. పెట్టెను రూటరుకు తీగతోనే కలుపవలెను. తీగమీద సెకనుకు 100 మెగాబైట్లు సాగినచో 500 గిగాబైట్ల పాత చిత్రాలు గంటన్నర లోపల చేరును. అవియే ఇంటర్నెట్ మీదుగా, సెకనుకు 20 మెగాబిట్ల వేగముతో బయటికి పంపవలెనన్న రెండు రోజులకు పైగా పట్టును. 

రెండవది, కంప్యూటరు నుండి పెట్టె అమరిక పుటను తెరచి, నిర్వాహకుని పేరును, సంకేతపదమును క్రొత్తగా ఏర్పరచవలెను. పెట్టెతో వచ్చిన పేరును అట్లే ఉంచరాదు. ఫోనుకు వచ్చు రెండవ సంకేతము కూడ అడుగునట్లు చేసినచో మరింత క్షేమము. 

మూడవది, రెండు డిస్కులను జంటగా నడుపు పద్ధతిని ఎన్నుకొనవలెను. ఒకదానిపై వ్రాసినది రెండవదానిపై కూడ అదే క్షణమున వ్రాయబడును. 4 టెరాబైట్ల డిస్కులు రెండున్నను దాచుకొను చోటు 4 టెరాబైట్లే. ఒకటి చెడినను రెండవది పనిచేయుచుండును. చెడినదాని స్థానమున క్రొత్తది పెట్టినచో పెట్టె దానిని తానే నింపుకొనును. డిస్కులను ఇట్లు కలిపి నడుపు పద్ధతులకు ‘రెయిడ్’ అను పేరు 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను శాస్త్రజ్ఞుల పత్రముతో స్థిరపడినది.

నాలుగవది, ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా తెరచి, అందరికీ ఉమ్మడిగా ఒక ఫోల్డరు ఉంచవలెను. చిన్నపిల్లలకు చూచు అధికారము చాలును, తుడిచివేయు అధికారము వలదు. అయిదవది, ఫోను ఇంటి వైఫైలోనికి రాగానే క్రొత్త చిత్రాలు తమంతట తామే పెట్టెలో చేరునట్లు అమర్చవలెను. “ఆదివారము తీరికగా ఎక్కించెదను” అనుకొనువారి ఆదివారము ఎన్నడును రాదు.

ఇక్కడ అమ్మలందరూ ఒక విషయమును గమనింపవలెను. రెండు డిస్కులున్నవి గనుక రెండు ప్రతులున్నవనుకొనుట పొరపాటు. అద్దము ముందు నిలిచి నుదుటి బొట్టు తుడుచుకొన్నచో అద్దములోని బొట్టు నిలుచునా? జంట డిస్కులును అంతే. పొరపాటున ఒక ఫోల్డరు తుడిచివేసినచో రెంటిలోను తుడిచిపోవును. పిడుగు పడినను, దొంగ ఎత్తుకొనిపోయినను రెండును కలిసియే పోవును. జంట డిస్కు యంత్రము చెడుట నుండి కాపాడును గాని, మనిషి పొరపాటు నుండి కాపాడదు.

కనుక అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారములోనికి తెచ్చిన 3–2–1 అను సూత్రమును గుర్తుంచుకొనుడు. మొత్తము 3 ప్రతులు, 2 వేర్వేరు రకముల సాధనములపై, అందులో 1 ఇల్లు దాటి మరొకచోట. మన జిల్లా రైతు కుటుంబములకు ఇది క్రొత్త పాఠము కాదు. తినుటకు వాడు రాగులు వేరు, విత్తనపు రాగులు వేరు. విత్తనమును వేరు కుండలో దాచి, కొంత అన్నదమ్ముల ఇంటను ఉంచెదరు. కరవు వచ్చినను తినుటకు తీయరు. చిత్రాలకు కూడ విత్తనపు కుండ ఒకటి ఉండవలెను.

ఆ కుండ ఏదనగా, విడిగా దొరకు బయటి హార్డ్ డిస్కు. రెండు కొనుడు. నెలకొకసారి ఒకదానిని పెట్టెకు తగిలించి ప్రతి తీసి, వెంటనే విప్పి బీరువాలో పెట్టుడు. రెండవదానిని వేరే ఊరిలోని బంధువుల ఇంటనో, బ్యాంకు లాకరులోనో ఉంచి, వెళ్ళినప్పుడెల్ల మార్చుకొనుడు. వాడుకలో లేనప్పుడు తీగ విప్పియుండుట ముఖ్యము. 2022 జనవరి మొదలుకొని ‘డెడ్‌బోల్ట్’ అను దుష్ట ప్రోగ్రాము, ఇంటర్నెట్‌కు నేరుగా తెరచియుంచిన క్యూనాప్ నిల్వపెట్టెలలోనికి చొరబడి, ఫైళ్ళకు తాళము వేసి, సొమ్ము చెల్లించిననే తీయుదుమని బెదిరించినది. విడిగా ప్రతి ఉన్నవారికి అది ఒక రోజు శ్రమ, లేనివారికి సర్వస్వము. అందుచేత పెట్టెను బయటి ఇంటర్నెట్ నుండి అందుబాటులో పెట్టుకొనవలదు. పెట్టెకు వచ్చు క్రొత్త సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరింపుడు. స్నాప్‌షాట్ అను సదుపాయమును తెరచియుంచినచో పొరపాటున తుడిచినదానిని కొన్ని రోజుల వెనుకటి స్థితి నుండి తిరిగి పొందవచ్చును.

వేసవి గాలివానలు, ఉరుములు, ఎప్పుడు పోవునో తెలియని కరెంటు మనకు అలవాటే. వ్రాయుచుండగా కరెంటు పోవుట డిస్కులకు హాని. చిన్న యూపీఎస్ ఒకటి కొని, దాని సంకేతపు తీగను పెట్టెకు కలిపినచో, కరెంటు పోయినపుడు పెట్టె తనంతట తానే క్రమముగా మూసుకొనును. పెట్టెను వంటింటి గోడప్రక్కనో, దేవుని గూటి దీపము క్రిందనో ఉంచక గాలి ఆడుచోట ఉంచుడు. ఆరు నెలలకొకసారి బీరువాలోని డిస్కు తీసి, ఏవేని పది చిత్రాలు తెరచి చూడుడు. తెరచి చూడని ప్రతి ఉన్నట్లు కాదు. డిస్కు చెడు సూచనలను పెట్టె ముందుగానే ఈమెయిలులో తెలుపుటకు ఏర్పాటున్నది, దానిని వాడుకొనుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

“ఇదంతయు ఎందుకమ్మా, గూగులులో ఉన్నవి గదా” అని యువకులైన పూర్వ విద్యార్థులు అడిగినారు. ఉంచుకొనుడు, అది మరొక ప్రతి. కాని పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసినది. ఉచితముగా ఇచ్చు 15 గిగాబైట్లలోనే ఈమెయిలు కూడ ఇమడవలెను. నియమములు వారివి, చిత్రాలు మనవి. వాట్సాప్‌లో వచ్చినవి ఉన్నవి గదా అనువారికి మరొక మాట. మామూలుగా పంపిన చిత్రమును అది కుదించును. పూర్తి చిత్రము కావలెనన్న డాక్యుమెంటు రూపమున పంపించుకొనుడు.

మరి పెట్టె కొనలేనివారి సంగతి? మన తల్లిదండ్రులలో కూలిపనికి పోవువారున్నారు, చిన్న అంగళ్ళు నడుపువారున్నారు. ఇంటికొక పెట్టె అందరికీ సాధ్యము కాదని నాకు తెలియును. అందుచేత జూబిలీ గుర్తుగా పాఠశాలలోనే ఒక నిల్వపెట్టె, ఒక స్కానరు ఏర్పాటు చేయవలెనని నిశ్చయించితిమి. 10 అంగుళముల వెడల్పు, 12 అంగుళముల పొడవు గల సామూహిక చిత్రమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున రంగులలో స్కాను చేసినచో సుమారు 130 మెగాబైట్లగును. ఏడాదికొకటి చొప్పున 75 చిత్రాలకును 10 గిగాబైట్లు మించదు. అనగా మన పాఠశాల 75 ఏండ్ల ముఖములు అన్నియు వ్రేలంత పెన్‌డ్రైవులో ఇమడగలవు. మన కొరత చోటు కాదని ఇందువలన తెలియుచున్నది.

కొరత మరొకచోట ఉన్నది. ఆ ముఖములకు పేర్లు చెప్పగలవారు తరిగిపోవుచున్నారు. తొలి తరము విద్యార్థులు నేడు 80 దాటినవారు. “రెండవ వరుసలో ఎడమనుండి మూడవది మా అక్క” అని చెప్పు అవ్వ ఈనాడు మన మధ్య ఉన్నది. ఆమె చెప్పినది వ్రాసుకొననిచో, ఆ చిత్రము ఎంత భద్రముగా ఉన్నను తాళ్ళపాక అరలోని రేకువలె మూగదగును. కనుక ప్రతి చిత్రమునకు నాలుగు విషయములు తప్పక వ్రాయవలెను: సంవత్సరము, స్థలము, వరుసక్రమములో పేర్లు, చిత్రము ఎవరి ఇంటినుండి వచ్చినది. ఫైలు పేరు సంవత్సరముతో మొదలిడినచో అవి తమంతట తామే వరుసలో నిలుచును. వివరములను ఒక నోటుపుస్తకములో చేతివ్రాతతో కూడ ఉంచెదము. విద్యుత్తు లేనినాడు కూడ అది చదువుటకు పనికివచ్చును.

పని ఇట్లు జరుగును. ప్రతి శనివారము మధ్యాహ్నము 2 గంటల నుండి 5 గంటల వరకు ఉన్నత తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో స్కాను చేయుదురు. మీ చిత్రాలు ఆ సాయంకాలమే మీ చేతికి తిరిగి ఇచ్చెదము, ఒక్కటియు మా వద్ద ఉంచుకొనము. గాజుపలకకు అంటుకొనిన పాత చిత్రాలను బలవంతముగా ఊడదీయక, చట్రముతోనే తెండు. మొదటి ప్రతి పాఠశాలలో ఉండును. రెండవది బయటి డిస్కులో కార్యాలయపు బీరువాలో ఉండును. మూడవదానికి మరొక ఊరిలో ఇంటిని చూపుమని పూర్వ విద్యార్థుల సంఘమును కోరుచున్నాను. హోసూరులోనో, బెంగళూరులోనో స్థిరపడినవారు ఒకరు ముందుకు వచ్చినచో చాలును. నేటి పిల్లల చిత్రాలను మాత్రము తల్లిదండ్రుల వ్రాతపూర్వక అనుమతి లేక బయటివారికి చూపము. నిర్వాహకుని సంకేతపదమును మూసిన కవరులో, ఇద్దరి సంతకములతో భద్రపరచెదము. నేను పదవీ విరమణ చేసిన తరువాత ఈ కుర్చీలో కూర్చుండువారికి తాళముచెవి దొరకక పోరాదు గదా.

పిల్లలకు దీనివలన మరొక లాభము కూడ కలదు. స్కాను చేయు విద్యార్థి పేర్లు వ్రాయవలెనన్న అవ్వ ప్రక్కన కూర్చుండి వినవలెను, విన్నదానిని తెలుగులో తప్పులు లేక వ్రాయవలెను. ఇంతకంటె మంచి వ్రాతపని నాకు తోచుట లేదు.

చివరగా ఒక విన్నపము. ఈ సభనుండి ఇంటికి చేరినంతనే మీ ఫోనులోని చిత్రాలకు రెండవ ప్రతి ఎక్కడ ఉన్నదో చూచుకొనుడు. లేనిచో ఈ వారములోనే ఒకటి చేయుడు. 2005 నుండి 2015 వరకు ఇక్కడ చదివినవారు పాత ఫోనులు, పాత కంప్యూటర్లు, మెమరీ కార్డులు పారవేయక తెచ్చి చూపుడు. పనిచేయని యంత్రములో కూడ డిస్కు ఒక్కొకప్పుడు బాగుగానే ఉండును. ఆ పదేండ్ల ఖాళీ పూర్తిగా నిండకపోవచ్చును గాని, నిండగలిగినంత నింపుదము.

 వచ్చే శనివారము నుండి స్కానరు సిద్ధముగా ఉండును. సెలవు.